పాత మారుతి 800కు పెట్రోలు పైపులు మార్చిన మూడున్నరేళ్ల తర్వాత

మా నాన్నగారు 1996లో కొన్న మారుతి 800 ఇప్పటికీ మా ఇంటి బండే. పెట్రోలును గాలితో కలిపి ఇంజినుకు అందించే కార్బురేటర్ ఉన్న పాతకాలం కారు. విశాఖలో సముద్రానికి దగ్గర్లో ఉంటాం కాబట్టి ఉప్పుగాలి దాని అడుగుభాగాన్ని ఏళ్ల తరబడి తింటూనే ఉంది. 2022 జులైలో ట్యాంకు నుంచి ఇంజిను దాకా పెట్రోలు పైపులన్నీ మార్పించాను. ఆ తర్వాత 31 వేల కిలోమీటర్లు తిరిగాం. ఆ రోజు వేసినవాటిలో ఏవి నిలిచాయి, ఏవి చేయిచ్చాయి అన్నది పాత బండ్లను ప్రేమగా చూసుకునేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

ముందుగా జబ్బు ఎలా బయటపడిందో చెప్పాలి. ఆ ఏడాది వేసవి నుంచి బండి పొద్దుటిపూట మొండికేసేది. చోక్ లాగి పది పన్నెండు సార్లు సెల్ఫ్ కొడితే గానీ అందుకునేది కాదు. ఒకసారి అందుకుంటే సాయంత్రం దాకా ఏ ఇబ్బందీ లేదు. ప్లగ్గులు మార్చాం, కార్బురేటర్ విప్పి కడిగించాం, బ్యాటరీని అనుమానించాం. బండి కింద ఒక్క పెట్రోలు చుక్క కూడా కనిపించకపోవడంతో పైపు మీదికి ఎవరి దృష్టీ పోలేదు.

అసలు కిటుకంతా అక్కడే ఉంది. ఈ బండిలో ట్యాంకు వెనక ఉంటుంది. పాత మెకానిక్‌లు ఏసీ పంపు అని పిలిచే పెట్రోలు పంపు ముందు, ఇంజినుకే బిగించి ఉంటుంది. పంపు పెట్రోలును వెనకనుంచి పీల్చుకుంటుంది కాబట్టి ట్యాంకుకూ పంపుకూ మధ్య పైపులో ఒత్తిడి బయటి గాలి కంటే తక్కువ. అక్కడ పైపు పగిలితే బండి నడిచేటప్పుడు పెట్రోలు బయటికి కారదు, గాలి లోపలికి దూరుతుంది. రాత్రి బండి నిలబడి ఉన్నప్పుడు అదే పగులులోంచి గాలి చేరి, పైపులోని పెట్రోలు మెల్లగా ట్యాంకులోకి జారిపోతుంది. తెల్లారేసరికి పంపు మళ్లీ మొదటినుంచి తోడుకోవాలి. పంపు దాటి కార్బురేటర్‌కు వెళ్లే ముక్క సంగతి దీనికి పూర్తిగా వేరు. అక్కడ పగిలితే పెట్రోలు నేరుగా వేడి ఇంజిను మీద పడుతుంది. అందుకే పైపు మార్చాలనుకుంటే కారుతున్న ముక్కతో సరిపెట్టుకోకుండా మొత్తం మార్చమంటాను.

గాజువాక ఆటోనగర్‌లో మెకానిక్ ట్యాంకు దగ్గరి రబ్బరు ముక్కను ఊడదీసి నా చేతిలో పెట్టారు. పైకి నల్లగా, నున్నగా, ఇంకో పదేళ్లు వస్తుందన్నట్టే ఉంది. బ్లేడుతో నిలువునా చీల్చాను. లోపలి పొర ఎండిన చెరువు అడుగులా నెర్రెలు విచ్చింది. గోటితో గీస్తే నల్లటి పొడి రాలింది. క్లిప్పు బిగించిన చోట వెంట్రుకంత సన్నని చీలిక లోపలినుంచి బయటికి వచ్చేసింది. ఫిల్టరులో తరచూ కనిపించిన నల్లటి నలకలు ఎక్కడివో అప్పుడు అర్థమైంది. ఏడాదిగా ఆ నలకలను చూస్తూ ఫిల్టర్లు మారుస్తూ వచ్చాం గానీ వాటి పుట్టుక గురించి అడగలేదు.

దీనికి వయసు ఒక కారణమైతే పెట్రోలులో కలిపే ఇథనాల్ రెండోది. 2022 జూన్‌కల్లా దేశంలో సగటున 10 శాతం కలపడం పూర్తయింది. 2023లో 20 శాతం కలిపిన పెట్రోలు బంకుల్లోకి రావడం మొదలైంది, ఇప్పుడు ఎక్కడ పోయించుకున్నా దాదాపు అదే. తొంభైల్లో చేసిన బండ్ల రబ్బరును ఇంత ఇథనాల్‌ను దృష్టిలో పెట్టుకుని తయారుచేయలేదు. ఇథనాల్ పాత రబ్బరును ఉబ్బిస్తుంది, దాన్ని మెత్తగా ఉంచే పదార్థాన్ని లాగేస్తుంది. బండి కొన్నాళ్లు నిలబడి పైపు ఆరితే రబ్బరు బిరుసెక్కి పగులుతుంది. పైగా ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి మా విశాఖ లాంటి చోట ట్యాంకు లోపల తుప్పుకూ అది తోడవుతుంది.

కొత్త రబ్బరు పైపు ఎంచుకునేటప్పుడు దాని ఒంటి మీద అచ్చువేసిన అక్షరాలు చదవండి. ఎస్‌ఏఈ (వాహన ఇంజినీర్ల సంస్థ) ప్రమాణం జే30 ఆర్7 అని ఉంటే అది కార్బురేటర్ బండ్లకు సరిపోయే మామూలు రకం. ఆర్9 అని ఉంటే పెట్రోలును ఎక్కువ ఒత్తిడితో చిమ్మే ఇంజెక్షన్ బండ్ల కోసం చేసినది, లోపల ఫ్లోరిన్ రబ్బరు పొర ఉంటుంది. మా బండిలో ఒత్తిడి నాలుగు పీఎస్‌ఐకి అటూ ఇటూ, అంటే ఆర్7 చాలు. అయినా ఆర్9 తీసుకున్నాను. ఇథనాల్‌ను తట్టుకునేది ఆ లోపలి పొరే కాబట్టి. దుకాణంలో దాని ధర మామూలు పైపుకు నాలుగింతలు ఉంది. "పాతికేళ్ల బండికి ఇంత ఖరీదు పైపు ఎందుకండీ?" అని మెకానిక్ అడిగారు. మొత్తం కలిపితే మీటరున్నర కూడా పట్టదు. దానికోసం వెనకాడవద్దు. ఏ అక్షరాలూ లేని పైపును మాత్రం ఉచితంగా ఇచ్చినా వేయించుకోవద్దు.

బండి కింద పొడుగునా పోయే ఇనుప గొట్టం విషయంలో వాదన జరిగింది. అది బ్రాకెట్ల దగ్గర తుప్పుపట్టి పొరలు లేచింది. దాన్ని తీసేసి ట్యాంకు నుంచి ఇంజిను దాకా ఒకే రబ్బరు పైపు లాగేద్దామన్నది మొదటి సలహా. పని గంటలో అయిపోతుంది. కానీ అంత పొడుగు రబ్బరు వేలాడుతుంది, ఒరుసుకుంటుంది, రాళ్ల దెబ్బలు తింటుంది, సైలెన్సర్ వేడికి కాగుతుంది. ఫ్రిజ్‌లకు వేసే రాగి గొట్టం రెండో సలహా. రాగి చేత్తోనే వంగుతుంది, కానీ అదురుకు బిరుసెక్కి పగులుతుంది, పెట్రోలులో జిగురు పేరుకోవడాన్ని కూడా వేగిరం చేస్తుంది. చివరికి జింకు పూత వేసిన ఉక్కు గొట్టాన్ని పాతదాని వంపులు చూసి వంచి, రబ్బరు ఎక్కే రెండు చివర్లా చిన్న ఉబ్బు తేలేలా చేయించాను. రెండు రోజులు పట్టింది. ఆ ఉబ్బు లేకుండా నున్నటి గొట్టం మీద పైపు ఎక్కిస్తే ఏ క్లిప్పూ దాన్ని ఎక్కువకాలం పట్టి ఉంచలేదు. ఇప్పటికీ గొట్టం గట్టిగానే ఉంది. ఒక్క బ్రాకెట్ కింద మాత్రం బురద నిలిచి తుప్పు మొదలైతే గీకి పెయింటు వేశాను.

ఫిట్టింగుల్లోనే నేను పొరపాటు పడ్డాను. మధ్యలో ఒకచోట గొట్టాన్ని రెండు ముక్కలుగా కలపాల్సి వచ్చి, హార్డ్‌వేర్ దుకాణంలో ఇత్తడి కంప్రెషన్ జాయింటు కొన్నాను. చూడడానికి బలంగా, అందంగా ఉంది. ఎనిమిది నెలలకు పొద్దుటి మొరాయింపు మళ్లీ మొదలైంది. అదురుకు నట్టు వదులైంది. అంతేకాదు, బిగించేటప్పుడు మరలకు చుట్టిన తెల్లటి టేపు పోగు ఒకటి ఫిల్టరులో దొరికింది. ఇలాంటి జాయింటులో పెట్రోలును ఆపేది మరలు కావు, లోహానికి లోహం ఒత్తుకునే చోటు. అక్కడ టేపుకు పనేలేదు. అది తెగి కార్బురేటర్‌లోని సన్నని రంధ్రం, అంటే జెట్, దాకా పోతే బండి దారిలో ఆగిపోతుంది. ఆ జాయింటు తీయించి, ఫ్లేర్ చేసిన, అంటే గరాటులా విప్పార్చిన, చివరలతో నట్టు యూనియన్ వేయించాను. మూడేళ్లు కావస్తోంది, దాన్ని తాకాల్సిన అవసరం రాలేదు.

క్లిప్పుల్లో రెండు రకాలు వాడాను. స్క్రూ తిప్పితే బిగిసే, పట్టీ మీద గాట్లుండే క్లిప్పు చౌక, కానీ ఆ గాట్లు రబ్బరును కోస్తాయి. దాన్ని వద్దన్నాను. అంచులు మడిచి, బోల్టూ నట్టుతో బిగించే చిన్న క్లిప్పులను పంపు నుంచి కార్బురేటర్‌కు వెళ్లే వైపు వేశాను. మొదటి వెయ్యి కిలోమీటర్లకు రబ్బరు కాస్త అణిగింది, ఒకసారి బిగించాను, అంతే. ట్యాంకు వైపు కంపెనీ పద్ధతిలోనే స్ప్రింగు క్లిప్పులు వేశాను. రబ్బరు అణిగిన కొద్దీ అవి తమంతట తామే బిగుసుకుంటాయి. చేయి పోని చోటికి వాటిని మించినవి నాకు కనిపించలేదు. అయితే కొలత సరిగ్గా కుదరాలి.

కొలత అన్నాను కాబట్టి ఇదీ చెప్పాలి. దుకాణాల్లో పైపులు అంగుళాల్లోనూ, మిల్లీమీటర్లలోనూ కలిసిపోయి ఉంటాయి. 8 మిల్లీమీటర్ల గొట్టానికి 5/16 అంగుళం పైపు, అంటే 7.94 మిల్లీమీటర్లు, బిగువుగా చక్కగా ఎక్కుతుంది. 6 మిల్లీమీటర్ల గొట్టానికి పావు అంగుళం పైపు ఇస్తే అది 6.35. మూడో వంతు మిల్లీమీటరు వదులు. క్లిప్పు బిగిస్తే రబ్బరు ఒకవైపు ముడత పడుతుంది, ఆ ముడతలోంచి పెట్రోలు చెమ్మగిల్లుతుంది. మిగిలిన పెట్రోలును ట్యాంకుకు తిరిగి పంపే రిటర్న్ పైపు దగ్గర నాకు జరిగింది ఇదే. వేలు తడిమితే తడి, ముక్కు దగ్గర పెట్టుకుంటే పెట్రోలు వాసన. సన్నని కొలతలు తీసే వెర్నియర్ వెంట తీసుకెళ్లి కొలిచి కొనండి. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి. బిగించబోయే కొత్త పైపును ముందుగా పెట్రోలుతో కడగండి. కోసినప్పుడు రాలిన రబ్బరు పొట్టు లోపలే ఉంటుంది.

గత నెలలో పరీక్ష కోసమే కార్బురేటర్ వైపు ముక్క ఒకటి విప్పి, మళ్లీ బ్లేడుతో చీల్చాను. లోపలి పొర నున్నగానే ఉంది, వంచినా నెర్రె లేదు, గోటికి నలుపు అంటలేదు. దాని స్థానంలో అదే రకం కొత్త ముక్క వేశాను. పొద్దున చోక్ లాగితే బండి రెండో సెల్ఫ్‌కే అందుకుంటోంది. ట్యాంకు నిండా పోయించినప్పుడు మాత్రం వెనక సీటు దగ్గర కొద్దిగా వాసన వస్తోంది. పెట్రోలు పోసే మూతి నుంచి ట్యాంకుకు వెళ్లే లావు రబ్బరును అప్పుడు మార్చలేదు. అది పాతదే. దానికి సరైన కొలతది ఆర్డరు ఇచ్చాను.