పనుల లిస్టా, క్యాలెండరా: ఆఫీసు రోజుకు ఏది మేలు?

కొత్తగా టీములో చేరినవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు నన్ను అడిగేది ఇదే: "చేయాల్సినవన్నీ లిస్టు రాసుకుంటే సరిపోదా? ఏ పనికి ఏ గంట అని క్యాలెండర్‌లో కూడా వేసుకోవాలా?" నోట్‌బుక్కా, ఫోన్ యాపా అన్నది పక్కన పెడదాం. ఎందులో రాసుకున్నా పెద్ద తేడా రాదు. తేడా వచ్చేదల్లా లిస్టుకూ క్యాలెండర్‌కూ మధ్యే.

లిస్టుతో ఉన్న సుఖం చిన్నది కాదు. పని గుర్తుకు రాగానే ఒక లైను రాసేస్తే, మర్చిపోతానేమో అన్న టెన్షన్ సగం పోతుంది. అయిపోయినవి కొట్టేస్తుంటే హుషారుగా కూడా ఉంటుంది. కానీ లిస్టులో అన్ని పనులూ ఒకే సైజులో కనిపిస్తాయి. నెలవారీ రిపోర్టుదీ ఒక లైనే, క్లయింట్ మెయిల్‌కు జవాబుదీ ఒక లైనే. మొదటిది మూడు గంటల పని, రెండోది పది నిమిషాలది. చేతికి ముందు చిన్నదే తగులుతుంది. సాయంత్రానికి బోలెడు లైన్లు కొట్టేసి ఉంటాం, రిపోర్టు మాత్రం అలాగే ఉంటుంది.

2011లో మసికాంపో, బామైస్టర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన పరిశోధన ఒకటుంది. పూర్తికాని పని మనసులో మెదులుతూ, చేతిలో ఉన్న వేరే పనికి అడ్డుపడుతోందని వాళ్ళు గమనించారు. దాన్ని ఎలా పూర్తి చేయాలో ఖచ్చితంగా ప్లాన్ వేసుకున్నవాళ్ళలో మాత్రం, పని ఇంకా మొదలు కాకపోయినా, ఆ అడ్డు పోయింది. లిస్టులో పేరు మాత్రమే ఉంటుంది. "రేపు పదిన్నర నుంచి పన్నెండున్నర దాకా, ముందు పోయిన నెల లెక్కలు తీసి" అని క్యాలెండర్‌లో వేసుకుంటే అది ప్లాన్ అవుతుంది.

అయినా నన్ను క్యాలెండర్ వైపు లాగింది ఇదొక్కటే కాదు. మన ఆఫీసుల్లో పైవాళ్ళకు "కుదరదు" అని చెప్పడం చాలా కష్టం. పదకొండింటికి మేనేజర్ వచ్చి "ఇది కూడా ఈరోజే చూస్తావా?" అన్నారనుకోండి. చేతిలో లిస్టే ఉంటే ఇంకో లైను చేరుస్తాం, "సరే సార్" అంటాం. లిస్టుకు ఎన్ని లైన్లైనా పడతాయి మరి. క్యాలెండర్ తెరిచి ఉంటే మాట మారుతుంది: "మూడు నుంచి నాలుగు ఖాళీ ఉంది సార్. అందులో అవ్వకపోతే రివ్యూలు రేపటికి పోతాయి, పర్లేదా?" ఇందులో ఎదురు చెప్పడం లేదు, మొహమాటానికి ఒప్పేసుకోవడమూ లేదు. ఏది ముందో ఆయనే తేలుస్తారు. చాలాసార్లు "అయితే రేపు చూడులే" అంటారు. రాత్రి తొమ్మిదింటికి కూడా సీట్లోనే ఉండిపోయే జూనియర్లను చూసినప్పుడల్లా, వీళ్ళకు ఈ ఒక్క మాట నేర్పితే చాలనిపిస్తుంది.

ఇంకోటి. అందరి క్యాలెండర్లూ అందరికీ కనిపించే ఆఫీసుల్లో మీ ఖాళీ మీ చేతుల్లో ఉండదు. ఖాళీ కనిపిస్తే ఎవరో ఒకరు మీటింగ్ పెట్టేస్తారు. "రిపోర్టు పని" అని బ్లాక్ చేసి ఉంటే కనీసం ఒకమాట అడిగి పెడతారు.

క్యాలెండర్‌కూ ఇబ్బందులున్నాయి. ఏ పనికి ఎంతసేపు పడుతుందో మనం దాదాపు ఎప్పుడూ తక్కువే వేస్తాం. కానెమన్, ట్వెర్స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లోనే దీనికి ప్లానింగ్ ఫాలసీ (ప్లాన్ వేయడంలో పొరపాటు) అని పేరు పెట్టారు. అందుకే గంట అనుకున్నదానికి గంటన్నర వేయండి, మధ్యాహ్నం ఒక గంట ఏమీ పెట్టకుండా వదిలేయండి. రోజంతా నింపిన క్యాలెండర్ మొదటి ఫోన్ కాల్‌కే తలకిందులవుతుంది. అమెరికా క్లయింట్లతో పనిచేసేవాళ్ళకు మరో చిక్కు ఉంది. న్యూయార్క్‌లో పొద్దున తొమ్మిదింటి కాల్ వేసవిలో మనకు సాయంత్రం ఆరున్నర. నవంబర్ మొదటి ఆదివారం అక్కడ గడియారాలు వెనక్కి జరిపాక అదే కాల్ ఏడున్నరకు వస్తుంది, మళ్ళీ మార్చి రెండో ఆదివారం దాకా అంతే. నవంబర్ రాగానే సాయంత్రం బ్లాకులన్నీ సరిచూసుకోవాలి. లేకపోతే ఇంటికి బయల్దేరే టైముకు కాల్ వచ్చి పడుతుంది.

ప్రొడక్షన్ సపోర్ట్ (వాడుకలో ఉన్న సాఫ్ట్‌వేర్‌లో వచ్చే సమస్యలు చూసే పని), హెల్ప్ డెస్క్, బ్యాంకు కౌంటర్ లాంటి చోట్ల క్యాలెండర్ పెద్దగా అక్కరకు రాదు. పని ఎప్పుడొస్తుందో మన చేతిలో లేనప్పుడు గంటలు కేటాయించి లాభం లేదు. అక్కడ ఏది ముందో వరస పెట్టిన లిస్టే మేలు.

పొమొడోరో సంగతీ అడుగుతుంటారు. 1980ల చివర్లో ఫ్రాన్సెస్కో సిరిల్లో మొదలుపెట్టిన పద్ధతి, 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం. మొదలుపెట్టబుద్ధి కాని పనికి బాగుంటుంది. మాటిమాటికీ కాల్స్ వచ్చే ఆఫీసులో నిలవదు. అత్యవసరమా కాదా, ముఖ్యమా కాదా అని నాలుగు గళ్ళు గీసే పద్ధతి పనులను వేరుచేస్తుంది, టైము ఇవ్వదు.

నేనైతే లిస్టును మానేయమనను. గుర్తొచ్చినవన్నీ అందులోనే పడనివ్వండి. సాయంత్రం సిస్టమ్ ఆపేముందు అందులోంచి రేపటికి రెండు మూడు తీసి క్యాలెండర్‌లో పెట్టండి. మొదటి వారం అది కూడా ఎక్కువనిపిస్తే, పొద్దున స్టాండప్ (టీము రోజూ పెట్టుకునే చిన్న మీటింగ్) అయ్యాక వచ్చే రెండు గంటలు మాత్రం బ్లాక్ చేసి, లిస్టులో అన్నిటికంటే ఎక్కువ రోజులుగా మిగిలిపోయిన పనిని అక్కడ పెట్టండి.