పడిపోతుందని తెలిసినా కష్టమైన స్కిల్ పెట్టాలా? తేలికైనది శుభ్రంగా చేయించాలా?

"పడిపోతుందని తెలిసి కూడా ఆ స్కిల్ రొటీన్‌లో ఎందుకు ఉంచారు? తీసేస్తే సరిపోయేది కదా!" పిల్లల జిమ్నాస్టిక్స్ మీట్ ఏదైనా సరే, అయిపోగానే తోటి తల్లిదండ్రుల నుంచి నాకు ఎదురయ్యే ప్రశ్న ఇదే. రొటీన్ అంటే పోటీలో వరుసగా చేసి చూపించే విన్యాసాలు, అందులో ఒక్కో విన్యాసం ఒక స్కిల్. ఈ సీజన్‌లో మా ఇంట్లోనూ ఇదే చర్చ నడిచింది. మా అమ్మాయి బీమ్ (ఎత్తుగా ఉండే సన్నటి దూలం) మీద బ్యాక్ హ్యాండ్‌స్ప్రింగ్ (వెనక్కి దూకి, చేతుల మీదుగా తిరిగి పాదాలపై దిగడం) పదిసార్లు చేస్తే ఆరుసార్లు నిలబడుతుంది. బ్యాక్ వాకోవర్ (దూకకుండా వెనక్కి వంగి, చేతులు ఆనించి ఒక్కో కాలూ తిప్పడం) అయితే ఏ టెన్షన్ లేకుండా ప్రతిసారీ చేస్తుంది. రెండింటిలో ఏది పెట్టాలి?

పడితే ఎంత పోతుందో అందరికీ తెలుసు. మా అమ్మాయి ఆడే అమెరికా డెవలప్‌మెంట్ ప్రోగ్రాంలో 0.5 పాయింట్లు, అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్‌ఐజీ నియమాల్లో 1.0. ఎఫ్‌ఐజీలో కూడా ఒకప్పుడు 0.5 మాత్రమే ఉండేది. 2006లో కొత్త స్కోరింగ్ వచ్చినప్పుడు 0.8 అయింది, 2009 నుంచి 1.0 చేశారు. చాలామంది లెక్క ఇక్కడితో ఆపేస్తారు. నా దృష్టిలో అసలు తేల్చుకోవాల్సింది ఇది కాదు. పడినా పడకపోయినా, జడ్జి ఆ స్కిల్‌కు క్రెడిట్ ఇచ్చిందా లేదా, అంటే చేసినట్టు లెక్కలోకి తీసుకుందా లేదా అన్నదే స్కోరును నిర్ణయిస్తుంది.

మా అమ్మాయి సంగతే చూడండి. స్కిల్స్‌కు కష్టాన్ని బట్టి ఎ, బి, సి అని అక్షరాలిస్తారు. ఆ ప్రోగ్రాంలో రొటీన్‌ను మనమే కూర్చుకునే ఆప్షనల్ లెవెల్స్‌లో ఎ స్కిల్ 0.1, బి స్కిల్ 0.3, సి స్కిల్ 0.5. ఇవి కాక ఒక్కో స్పెషల్ రిక్వైర్‌మెంట్‌కు (రొటీన్‌లో తప్పక ఉండాల్సిన అంశానికి) 0.5. బీమ్ మీద బ్యాక్ హ్యాండ్‌స్ప్రింగ్ బి, బ్యాక్ వాకోవర్ ఎ. తన రొటీన్‌లో హ్యాండ్‌స్ప్రింగ్ తీసేస్తే ఒక బి తగ్గి 0.3 పోతుంది. ఒక రిక్వైర్‌మెంట్ తీరేదీ ఆ స్కిల్ వల్లే కాబట్టి ఇంకో 0.5 పోతుంది. అంటే జడ్జికి సెల్యూట్ చేసి రొటీన్ మొదలుపెట్టకముందే స్టార్ట్ వాల్యూ (తప్పులకు కోత వేయకముందు ఉండే స్కోరు) 10 నుంచి 9.2కు దిగిపోతుంది. వాకోవర్ ఎంత అందంగా చేసినా ఆ 0.8 వెనక్కి రాదు.

అదే హ్యాండ్‌స్ప్రింగ్ చేసి పడితే? కనీసం ఒక పాదం బీమ్‌కు తగిలి ఆ తర్వాత పడితే స్కిల్‌కు క్రెడిట్ వస్తుంది. పోయేది 0.5. మోకాళ్లు వంగడం లాంటి తప్పులకు కోత దానికి అదనం, అది మరిచిపోకూడదు. అసలు పాదమే తగలకుండా పడితే క్రెడిట్ ఉండదు: పడినందుకు 0.5, బి పోయినందుకు 0.3, రిక్వైర్‌మెంట్ తీరనందుకు 0.5, మొత్తం 1.3. చూసేవాళ్లకు రెండూ ఒకేలాంటి పడిపోవడాలే. స్కోర్ షీట్ మీద తేడా 0.8.

అందుకే నేను ప్రాక్టీసులో ఎన్నిసార్లు పడిందన్నది ఒక్కటే రాసుకోవడం మానేసి, ఎలా పడిందో రాసుకోవడం మొదలుపెట్టాను. పదింటిలో పడిన నాలుగుసార్లలో మూడుసార్లు పాదం తగిలాకే జారింది. మూడు 0.5లు, ఒక 1.3 కలిపితే 2.8. సగటున ఒక్కో ప్రయత్నానికి 0.28. రెండోవైపు ప్రతిసారీ ఖాయంగా పోయే 0.8. హ్యాండ్‌స్ప్రింగే ఉంచాం.

కానీ ఆ నాలుగూ పాదం తగలకుండానే పడినవై ఉంటే, లెక్క ఎటు మొగ్గినా నేను ఒప్పుకునేదాన్ని కాదు. పాదాల కన్నా ముందు చేతులు, మోకాళ్లు, వీపు నేలకు తగిలే పిల్లకు ఆ స్కిల్ ఇంకా రాలేదనే అర్థం. పాయింట్లు ఎక్కువ పోయేదీ, దెబ్బ ఎక్కువ తగిలేదీ ఆ పడటంలోనే.

ఎఫ్‌ఐజీ నియమాలతో నడిచే పోటీల్లో జవాబు మారిపోతుంది. అక్కడ బి విలువ 0.2, డి విలువ 0.4. బి తీసి డి పెడితే లాభం 0.2, పడితే నష్టం 1.0. క్రెడిట్ ప్రతిసారీ వస్తుందనుకున్నా, పదింటిలో రెండుసార్లు పడితే లాభం మొత్తం అక్కడికక్కడే చెల్లు. 2024 పారిస్ ఒలింపిక్స్ బీమ్ ఫైనల్లో అమెరికా జిమ్నాస్ట్‌లు సిమోన్ బైల్స్, సునీసా లీ ఇద్దరూ పడ్డారు, ఇద్దరికీ 13.100 వచ్చింది. పడకుండా ముగించిన ఇటలీ అమ్మాయి అలీచె డి'అమాటో 14.366తో స్వర్ణం గెలిచింది. వాల్ట్‌లో (పరుగెత్తుకొచ్చి టేబుల్ మీదుగా ఎగిరి దిగే అంశంలో) అయితే నియమం ఇంకా కఠినం: పాదాలు ముందుగా దిగకపోతే ఆ వాల్ట్‌కు సున్నా. 2016 రియో ఒలింపిక్స్‌లో దీపా కర్మాకర్ 7.0 కఠినత ఉన్న ప్రొదునోవా అనే వాల్ట్ చేసి బాగా కుంగి దిగింది. పాదాలే ముందు ఆనాయి కనుక వాల్ట్ లెక్కలోకి వచ్చి 15.266 దక్కింది. రెండు వాల్ట్‌ల సగటులో కాంస్యానికి 0.150 దూరంలో నాలుగో స్థానంలో నిలిచింది. ఆ రోజు ఆ ల్యాండింగ్ చూస్తూ ఊపిరి బిగబట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఇక పూర్తికాని స్కిల్. తల్లిదండ్రుల కంటికి ఇది ఆనదు, కానీ స్కోరును మెల్లగా తినేస్తుంది. బార్స్ (ఎత్తైన కడ్డీలు) మీద క్యాస్ట్ హ్యాండ్‌స్టాండ్ తీసుకోండి: కడ్డీ పట్టుకుని కాళ్లు వెనక్కి ఊపి, చేతుల మీద తలకిందులుగా నిలబడటం. డెవలప్‌మెంట్ ప్రోగ్రాంలో నిట్టనిలువుకు 20 డిగ్రీలలోపు వస్తేనే అది బి. ఎఫ్‌ఐజీలో ఆ హద్దు 10 డిగ్రీలే. 25 డిగ్రీల దగ్గర ఆగిన పిల్ల పడదు, హాల్లో ఎవరూ అయ్యో అనరు. కానీ బి దక్కదు, ఎత్తు చాలనందుకు కోత పడుతుంది, రిక్వైర్‌మెంట్ దాని మీదే ఉంటే ఇంకో 0.5 పోతుంది. అంతా కలిపితే బార్ మీంచి పడినదానికన్నా ఎక్కువ పోవచ్చు. భయంతో స్కిల్‌ను సగంలో ఆపేసే పిల్లలకు జరిగేదీ ఇదే. అలాంటి స్థితిలో ఉన్న పిల్లకు మాత్రం తేలికైన స్కిలే మేలు అంటాను. సగం చేసినదానికి క్రెడిట్ రాదు, భయమూ తగ్గదు.

కోచ్ చెయ్యి అందించడం గురించి కూడా అడుగుతుంటారు. అది పడినట్టే లెక్క, పైగా స్కిల్‌కు క్రెడిట్ రాదు. ప్రమాదం తప్పించడానికి తప్ప పాయింట్ల కోసం పనికిరాదు. కంపల్సరీ లెవెల్స్‌లో అసలు ఎంపికే లేదు: రొటీన్ అందరికీ ఒకటే, ప్రధాన స్కిల్ వదిలేస్తే దాని విలువకు రెట్టింపు పోతుంది కాబట్టి చేయాల్సిందే.

మా అమ్మాయి ఈ సీజన్ రెండో మీట్‌లో పడింది, పాదం తగిలాకే. 0.5తో పాటు కొద్దిగా మోకాళ్లకు పోయింది, స్కిల్‌కు క్రెడిట్ వచ్చింది. వచ్చే ఏడాది ఎఫ్‌ఐజీ నియమాలతో జరిగే ఒక పోటీకి వెళ్లాలనుకుంటోంది. అక్కడ హ్యాండ్‌స్ప్రింగ్‌కు, వాకోవర్‌కు తేడా 0.1 మాత్రమే. ఇప్పటిలాగే పదికి నాలుగుసార్లు పడుతుంటే సగటున 0.4 పోతుంది. అప్పటికి పదికి తొమ్మిదిసార్లకు పైగా నిలబడకపోతే వాకోవరే పెడదామని ఇద్దరం అనుకున్నాం.