బీటెక్ మధ్యలో మ్యాథ్స్ మీదికి మనసు పోతే ఏది మేలు?

అమెరికాలో చదివే పిల్లలకి మేజర్ (డిగ్రీలో ముఖ్య సబ్జెక్టు) మార్చుకోవడమంటే అడ్వైజర్‌ని కలిసి ఒక ఫారం నింపడం. రెండో ఏడు సగం గడిచినా ఏ మేజరో తేల్చుకోని వాళ్లు అక్కడ బోలెడుమంది. మన దగ్గర కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టిన రోజే నాలుగేళ్లూ ఖాయమైపోతాయి. ఒక బ్రాంచ్ నుంచి ఇంకో బ్రాంచ్‌కి మారడమే గగనం. ఇక బీటెక్ నుంచి మ్యాథ్స్ డిగ్రీకి మారాలంటే ఉన్నది మానేసి, ఇంటర్ సర్టిఫికెట్ పట్టుకుని మళ్లీ మొదట్నుంచి చేరాల్సిందే.

నేను ఒక ఇంజినీరింగ్ కాలేజీలో హెచ్ అండ్ ఎస్ (హ్యుమానిటీస్ అండ్ సైన్సెస్) డిపార్ట్‌మెంట్‌లో మ్యాథ్స్ చెబుతాను. సెకండియర్‌లో మ్యాథ్స్ పేపర్లు అయిపోవస్తున్నాయనగా ఎవరో ఒకరు స్టాఫ్‌రూమ్‌కి వచ్చి "సార్, మ్యాథ్స్‌కి మారిపోదామనుకుంటున్నా" అంటారు. వాళ్ల ముందు నిజానికి మూడు దారులున్నాయి: ఇప్పుడే వదిలేసి మ్యాథ్స్ డిగ్రీలో చేరడం, బీటెక్ ముగించి ఎమ్మెస్సీ మ్యాథ్స్‌కి వెళ్లడం, బీటెక్‌లోనే ఉండి అందులో మ్యాథ్స్ ఎక్కువున్న వైపు జరగడం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. సీటు వచ్చింది ఐఎస్ఐ (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్)లోనో సీఎంఐ (చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్)లోనో అయితే వదిలేసి వెళ్లండి. కాకపోతే బీటెక్ పూర్తిచేసి మారండి. ఊళ్లో ఉన్న డిగ్రీ కాలేజీ కోసం మాత్రం బీటెక్ వదలొద్దు.

దారుల సంగతికి ముందు, మీకు నచ్చింది ఏ మ్యాథ్సో చూసుకోవాలి. ఇంటర్‌లో 1ఏ, 1బీల్లో 75కి 75 తెచ్చుకున్నవాళ్లు కూడా ఇక్కడ పొరబడుతుంటారు. మన ఎం1 (బీటెక్ మొదటి మ్యాథ్స్) పేపర్‌లో ఏళ్ల తరబడి తిరుగుతున్న ప్రశ్న ఒకటుంది: ఒక 3×3 మాత్రిక (మ్యాట్రిక్స్) ఇచ్చి, "కేలీ–హామిల్టన్ సిద్ధాంతాన్ని సరిచూడండి, దాని ద్వారా విలోమం కనుక్కోండి." లాక్షణిక సమీకరణం రాస్తారు, మాత్రిక వర్గం, ఘనం కడతారు, సమీకరణంలో వేస్తే శూన్యమాత్రిక వస్తుంది. ఫుల్ మార్కులు. ఏ మాత్రిక తీసుకున్నా ఇలాగే ఎందుకు రావాలి అని పేపర్‌లో అడగరు, క్లాసులోనూ దాదాపు ఎవరూ అడగరు.

అడిగినవాళ్లకి నేను ఒక "నిరూపణ" చెబుతాను. మాత్రికలోంచి లాంబ్డా రెట్ల తత్సమ మాత్రికని తీసేసి నిర్ధారకం (డిటర్మినెంట్) కడితే వచ్చేదే కదా లాక్షణిక బహుపది? ఆ లాంబ్డా స్థానంలో మాత్రికనే పెట్టేయండి. మాత్రికలోంచి మాత్రిక పోతే సున్నా, సున్నా నిర్ధారకం సున్నా. రెండు లైన్లలో అయిపోయింది. కానీ ఇది తప్పు. ఎక్కడ తప్పో చెప్పమంటాను.

కొందరు "సార్, ఆన్సర్ సున్నాయే కదా" అంటారు. కొందరు ఆగిపోతారు. నిర్ధారకం ఇచ్చే సున్నా ఒక సంఖ్య, మనకి రావాల్సింది శూన్యమాత్రిక. రెండూ ఒకటెలా అవుతాయి? పైగా నిర్ధారకంలో కర్ణం మీద ఒక్కో గడిలో కూర్చున్న లాంబ్డా ఒక సంఖ్య, ఆ గడిలో మాత్రికని ఎలా కూర్చోబెడతాం? ఇంతవరకు వచ్చి, సరైన నిరూపణ కోసం రెండు మూడు రోజులు కాగితాలు పాడుచేసి, దొరక్కపోయినా విసుక్కోకుండా మళ్లీ వచ్చేవాళ్లుంటారు. వాళ్లతోనే నేను మారే విషయం సీరియస్‌గా మాట్లాడతాను. లెక్క చకచకా చేసేయడంలోనే సరదా ఉన్నవాళ్లకి మ్యాథ్స్ డిగ్రీ మొదటి ఏడాదిలోనే నీరసం తెప్పిస్తుంది. అక్కడ లెక్కలు చేసేది తక్కువ, ఎందుకని నిలదీసేది ఎక్కువ. కోడింగ్ రావట్లేదనో, డేటా స్ట్రక్చర్స్‌లో బ్యాక్‌లాగ్ పడిందనో మ్యాథ్స్ వైపు చూసేవాళ్ల సంగతి ఇంకా కష్టం. వాళ్లకి కావాల్సింది ఆ పేపర్ గట్టెక్కే దారి, కొత్త డిగ్రీ కాదు.

ఇప్పుడు దారులు. వదిలేసి వెళ్లడమన్నాం గానీ ఎక్కడికి వెళ్తున్నారన్నది తేలకుండా దాన్ని తూచలేం. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో బీమ్యాథ్ బెంగళూరులో, బీస్టాట్ కోల్‌కతాలో. ట్యూషన్ ఫీజు లేదు, పైగా నెలనెలా స్టయిపెండ్ ఇస్తారు. చెన్నై పక్కన సిరుసేరిలో ఉన్న చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్‌లో మ్యాథ్స్, కంప్యూటర్ సైన్స్ కలిపి బీఎస్సీ ఆనర్స్ ఉంది. రెండింటి ప్రవేశ పరీక్షలూ ఎండాకాలంలో జరుగుతాయి. బిట్లు మాత్రమే కావు, వివరంగా నిరూపణలు రాయాల్సిన భాగమూ ఉంటుంది. జేఈఈ షార్ట్‌కట్‌లు అక్కడ పెద్దగా అక్కరకు రావు. ఈ పరీక్ష పాసైతే మీకు మ్యాథ్స్ పట్టుబడుతుందా లేదా అన్న టెన్షన్ కూడా చాలావరకు తీరిపోతుంది. సైన్స్ డిగ్రీలిచ్చే కేంద్ర సంస్థ ఐసర్ తిరుపతి మనకి దగ్గరే గానీ, ఐసర్ల ప్రవేశ పరీక్షకి ఇంటర్ ఈమధ్యే పాసై ఉండాలనే షరతు ఉంటుంది. సెకండియర్ ముగించిన బీటెక్ విద్యార్థికి ఆ తలుపు ఇంకా తెరిచే ఉందో లేదో ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకోవాలి.

ఊళ్లో డిగ్రీ కాలేజీ సంగతి వేరు. తెలంగాణలో బీఎస్సీ మ్యాథ్స్ సిలబస్ కాగితం మీద బాగానే ఉంటుంది: మొదటి ఏడాది కలన గణితం, అవకలన సమీకరణాలు, రెండో ఏడాది వాస్తవ విశ్లేషణ (రియల్ అనాలిసిస్), బీజగణితం, ఆపైన రేఖీయ బీజగణితం. ఆంధ్రప్రదేశ్‌లో 2023–24లో సింగిల్ మేజర్ (ఒకటే ముఖ్య సబ్జెక్టు) పద్ధతి వచ్చింది. కానీ చాలాచోట్ల సిద్ధాంతాలు గైడులోంచి బట్టీ పట్టి రాయడమే జరుగుతుంది. క్లాసులో మీతో వాదించేవాళ్లు లేకపోతే, రోజూ ఉన్న మూడు గంటల క్లాసుల కంటే మీ హాస్టల్ గదిలో ఒక మంచి పుస్తకం, ఎన్‌పీటెల్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలే ఎక్కువ నేర్పుతాయి. వినడానికి వాటికి ఫీజు కూడా లేదు. మంచి లెక్చరర్ ఉన్న డిగ్రీ కాలేజీలు లేవని కాదు, ఆయన రిటైరయ్యేలోపు మీరు చేరితే అదృష్టం.

ఇక ఏళ్ల లెక్క. ఇది చేయకుండానే నిర్ణయం తీసుకుంటారు చాలామంది. రెండేళ్ల బీటెక్ వదిలేసి మూడేళ్ల బీఎస్సీ, రెండేళ్ల ఎమ్మెస్సీ చేస్తే ఇంటర్ తర్వాత ఏడేళ్లు. బీటెక్ ముగించి ఎమ్మెస్సీ చేస్తే ఆరేళ్లు. అంటే "టైమ్ వేస్ట్ చేసుకోకుండా ఇప్పుడే మారిపోతా" అనే వాడికంటే, ఆగి మారినవాడు ఒక ఏడాది ముందే ఎమ్మెస్సీతో బయటికొస్తాడు. చేతిలో బీటెక్ పట్టా అదనం. అమెరికాలో పీహెచ్‌డీకి వెళ్లాలనుకుంటే నాలుగేళ్ల డిగ్రీ ఉండటం అక్కడా కలిసొస్తుంది.

బీటెక్ తర్వాత ఎమ్మెస్సీ తీసుకుంటారా అంటే, తీసుకుంటారు, అన్నిచోట్లా కాదు. ఐఐటీల ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష జామ్‌లో మ్యాథమెటిక్స్ పేపర్ రాసి కొన్ని ఐఐటీల్లో చేరవచ్చు. ఐఎస్ఐ ఎంమ్యాథ్, సీఎంఐ ఎమ్మెస్సీ బీటెక్ వాళ్లకీ అవకాశం ఇస్తాయి. రాష్ట్ర యూనివర్సిటీల పీజీ ఎంట్రన్స్‌లలో మాత్రం డిగ్రీలో మ్యాథ్స్ ఒక సబ్జెక్టుగా చదివి ఉండాలనే నిబంధన అడ్డొస్తుంది. జామ్ సిలబస్ ముందేసుకుని చూస్తే కలన గణితం, అవకలన సమీకరణాలు, మాత్రికలు మన ఎం1, ఎం2ల్లో చదివినవే. చదవనివి ముఖ్యంగా రెండు: వాస్తవ విశ్లేషణ, సమూహ సిద్ధాంతం. మిగిలిన సెమిస్టర్లలో రోజుకో గంట కేటాయిస్తే రెండింటినీ లాక్కురావచ్చు. ఆ గంట కేటాయించలేకపోతే అదీ ఒక సమాధానమే.

ఈ దారిలో నష్టం లేదని చెప్పను. ఐఎస్ఐలో మూడేళ్లు నలిగిన పిల్లల పక్కన మీరు ఎమ్మెస్సీ మొదటి సెమిస్టర్‌లో కూర్చుంటారు. టోపాలజీ, మెజర్ థియరీ ఒకేసారి మీద పడతాయి. మొదటి ఇంటర్నల్స్‌లో వచ్చే మార్కులు ఇంట్లో చూపించుకునేలా ఉండవు. ఒక ఏడాది గడిస్తే చాలామంది సర్దుకుంటారు. బీటెక్‌లో కోడింగ్ చేసిన చెయ్యి న్యూమరికల్ మెథడ్స్‌లో, సంభావ్యతలో అక్కరకొస్తుంది కూడా.

పేరున్నవాళ్లలో మారినవాళ్లని చూస్తే ఇదే పద్ధతి కనిపిస్తుంది. రౌల్ బాట్ మెక్‌గిల్‌లో ఇంజినీరింగ్ పూర్తిచేశాకే గణితంలోకి వచ్చాడు. హరీశ్‌చంద్ర కేంబ్రిడ్జిలో డిరాక్ దగ్గర ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ ముగించుకుని తర్వాత పూర్తిగా గణితంవైపు మళ్లాడు. మన సి.ఆర్. రావుగారు వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎమ్మే పూర్తిచేసి, ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లి, అది దొరక్క 1941లో ఐఎస్ఐలో ట్రైనింగ్‌కి చేరారు. అలా స్టాటిస్టిక్స్‌లోకి వచ్చిన మనిషికి 2023లో ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ ఇచ్చారు. మొదలుపెట్టింది వీళ్లెవరూ మధ్యలో వదిలేయలేదు. "మరి రామానుజన్?" అంటారు వెంటనే. ఆయన కుంభకోణంలో స్కాలర్‌షిప్ పోగొట్టుకుని 1905లో ఇల్లు వదిలి విశాఖపట్నం వెళ్లిపోయాడు, తర్వాత మద్రాసులోనూ ఎఫ్ఏ (అప్పటి ఇంటర్ లాంటిది) గట్టెక్కలేదు. దయచేసి ఆయన్ని ఉదాహరణగా తెచ్చుకోకండి. ఆయన నోట్‌బుక్కుల్లాంటివి మీ దగ్గరుంటే అప్పుడు మాట్లాడుకుందాం.

మూడో దారిని పిల్లలు చిన్నచూపు చూస్తారు గానీ, సీఎస్ఈ వాళ్లయితే నిదానంగా ఆలోచించాల్సిందే. ఒక సంఖ్య ప్రధాన సంఖ్యా కాదా అని వేగంగా, కచ్చితంగా తేల్చే పద్ధతి కోసం గణితవేత్తలు చాలాకాలం వెతికారు. 2002లో దాన్ని ఇచ్చింది ఐఐటీ కాన్పూర్ కంప్యూటర్ సైన్స్ విభాగం: మణీంద్ర అగర్వాల్, ఆయన దగ్గర అప్పుడే బీటెక్ ముగించిన నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా. అచ్చమైన సంఖ్యా సిద్ధాంతమది. అల్గారిథమ్స్, క్రిప్టాలజీ (రహస్య సంకేతాల శాస్త్రం), మెషీన్ లెర్నింగ్ సిద్ధాంత భాగం, వీటన్నిట్లో నిరూపణలే తిండి. ఐఎస్ఐలో క్రిప్టాలజీలో ఎంటెక్ కూడా ఉంది. కాలేజీ వాళ్లు ఇచ్చే మైనర్ డిగ్రీ మీద మాత్రం ఆశలు పెట్టుకోకండి. అదనంగా 18–20 క్రెడిట్లు చేస్తే మైనర్ ఇవ్వొచ్చని ఇంజినీరింగ్ కాలేజీలకి నియమాలు పెట్టే ఏఐసీటీఈ అంటుంది గానీ, నేను చూసిన లిస్టుల్లో ఏఐ, ఐఓటీ లాంటివే తప్ప మ్యాథ్స్ కనపడలేదు. మెకానికల్, సివిల్ వాళ్లకి ఈ దారి ఇంత సులువుగా అతకదు. వాళ్లకి రెండోదే నయం.

డబ్బు విషయానికొస్తే, బీఎస్సీ మ్యాథ్స్‌తో ఆగిపోతే బీటెక్ ఇచ్చినన్ని దారులు ఉండవు. చాలా క్యాంపస్ డ్రైవ్‌లకి బీఈ, బీటెక్ అనే గీత గీసి ఉంటుంది. ఎమ్మెస్సీ అయ్యాక జూనియర్ లెక్చరర్ పోస్టులకి అర్హత వస్తుంది. సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) తెచ్చుకుంటే 2023 నుంచి పీహెచ్‌డీలో నెలకి 37,000 ఫెలోషిప్, దానికి హెచ్‌ఆర్‌ఏ అదనం. నేషనల్ బోర్డ్ ఫర్ హయ్యర్ మ్యాథమెటిక్స్ స్కాలర్‌షిప్‌లు వేరే ఉన్నాయి. మొదటి జీతంలో సాఫ్ట్‌వేర్ ఫ్రెండ్స్‌తో పోల్చుకుంటే పెద్ద తేడా ఉండకపోవచ్చు, ఐదారేళ్లు పోయాక కచ్చితంగా ఉంటుంది. అది తెలిసే వెళ్లాలి.

ఇంట్లో చెప్పేటప్పుడు ఈ ఆరేళ్లు, ఏడేళ్ల లెక్కతోనే మొదలుపెట్టండి. "మ్యాథ్స్ అంటే ప్రాణం" అంటే నాన్నగారికి భయమేస్తుంది. "బీటెక్ పూర్తిచేస్తాను, ఫైనలియర్‌లో జామ్ రాస్తాను, రాకపోతే ప్లేస్‌మెంట్‌కి కూర్చుంటాను" అంటే చాలా ఇళ్లల్లో గొడవ అక్కడితో ఆగిపోతుంది. చుట్టాలు "బీటెక్ చేసి మళ్లీ ఎమ్మెస్సీ ఏంట్రా" అని ఎలాగూ అంటారు. మానేసి డిగ్రీలో చేరితే అనే మాటల కంటే అది తేలికే.

ఐఎస్ఐ, సీఎంఐ పరీక్షలు రాయాలనుకుంటే బీటెక్‌లో ఉంటూనే రాయొచ్చు, ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. సీటు వచ్చిందనుకోండి, అప్పుడు కాలేజీతో పని పడుతుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ తన దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ, ఏఐసీటీఈ చెప్పినా, మిగిలిన ఏళ్ల ఫీజు కడితే గానీ ఇవ్వమనే కాలేజీలు ఉన్నాయి. కాబట్టి టెన్త్, ఇంటర్ మెమోలు ఎవరి దగ్గరున్నాయో ఇప్పుడే చూసుకోండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకుంటున్నవాళ్లు, మళ్లీ అదే స్థాయి కోర్సులో చేరితే అది వస్తుందో లేదో సంక్షేమ శాఖ ఆఫీసులో కనుక్కోవాలి. చదివిన క్రెడిట్లు జమయ్యే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఐడీ ఉంది కదా, బీటెక్ క్రెడిట్లు అక్కడ కలుస్తాయిలే అనుకోవద్దు. కలపడం, కలపకపోవడం చేర్చుకునే సంస్థ ఇష్టం. టీసీ అప్లికేషన్ మాత్రం అడ్మిషన్ లెటర్ చేతికొచ్చాకే రాయండి.