అద్దంలా మెరిసే సిలిండర్ లైనర్లు కొనేవారికి హెచ్చరిక

పాత ట్రాక్టర్ల ఇంజన్‌కు బోరు కిట్ (పిస్టన్ లోపల కదిలే గొట్టమైన లైనర్, పిస్టన్, రింగుల సెట్) కొనబోతున్న రైతు సోదరులు, మెకానిక్‌లు ఈ విషయం తప్పక గమనించగలరు. "అద్దం ఫినిషింగ్, రాపిడి తక్కువ, హోనింగ్ (లోపలి గోడపై రాయితో సన్నని గీతలు తీయడం) అక్కర్లేదు" అన్న ప్రకటనతో ఆన్‌లైన్‌లో అమ్ముతున్న లైనర్లు, పిస్టన్ రింగులు మా ట్రాక్టర్‌కు వేయించాము. దుక్కులు పూర్తికాకముందే సైలెన్సర్ నుంచి నీలిపొగ మొదలై, ఇంజన్ ఆయిల్ పదే పదే పోయవలసి వచ్చింది. హెడ్ విప్పి చూస్తే, పై రింగు ఆగి వెనుదిరిగే చోట వేలిగోటికి తగిలేంత మెట్టు పడి ఉంది, దాని కింద నిలువుగా గీరుకుపోయిన చారలు ఉన్నాయి.

నునుపైన గోడ తక్కువ అరుగుతుందన్న మాట సబబుగానే వినిపిస్తుంది. నిజానికి పిస్టన్ వేగంగా కదిలే స్ట్రోక్ మధ్యభాగంలో ఆయిల్ పొర దానంతటదే నిలిచి రింగు భారం మోస్తుంది. పై కొసన వేగం సున్నా అవుతుంది, మంట ఒత్తిడి, వేడి అక్కడే ఎక్కువ కనుక ఆ పొర పలచబడి లోహం లోహానికి తగులుతుంది. అక్కడ ఆయిల్‌ను పట్టి ఉంచేవి, అరిగిన పొడిని తమలో దాచుకునేవి హోనింగ్ గీతలే. అందుకే మంచి వర్క్‌షాపులో ముందు గరుకు రాయితో లోతైన గీతలు తీసి, తరువాత సన్న రాయితో వాటి మొనలను మాత్రం చదును చేస్తారు.

ఆయిల్ నిలిచేలా లోపలి గోడపై లేజర్‌తో సన్నని గుంటలు వేసిన "లేజర్ గుంటల" లైనర్లనూ ఎక్కువ ధరకు అమ్ముతున్నారు. ఇజ్రాయెల్‌లోని టెక్నియాన్ విశ్వవిద్యాలయంలో ఇజాక్ ఎట్సియన్ వంటివారు చేసిన పరిశోధన వల్ల ఆ పద్ధతికి గట్టి ఆధారమే ఉంది. అయితే లేజర్ తగిలిన చోట గుంట అంచున కరిగిన లోహం గట్టులా పేరుకుంటుంది, దానిని తీసివేయకుండా అమ్మితే రింగులు పాడవుతాయి.

కొనేముందు టార్చి వెలుగులో లైనర్ లోపల చూడండి. రెండు వైపుల నుంచి ఏటవాలుగా ఒకదానినొకటి కోసే గీతలు, వాటి మధ్య సుమారు 40 నుంచి 60 డిగ్రీల కోణం కనిపించాలి. ఉపరితలం సగటు గరుకుదనాన్ని చెప్పే ఆర్‌ఏ (Ra) అంకె ఒక్కటే చూపిస్తే ఒప్పుకోవద్దు. ఉపరితలంలోని మొనలు, లోయలు తారుమారైనా ఆ అంకె మారదు కనుక లోయల లోతు చెప్పే ఆర్‌వీకే (Rvk) అంకె కూడా అడగండి. బిగించే ముందు వేడి సబ్బునీటితో, తెల్లగుడ్డకు మసి అంటనంతవరకు కడిగించండి.

రన్నింగ్‌లో మీరే పాడు చేశారంటూ అమ్మకందారు మాకు డబ్బు తిరిగివ్వలేదు. కనుక పెట్టె విప్పిన వెంటనే, ఇంజన్‌లో వేయకముందే, లైనర్ లోపలి గోడను దగ్గరగా ఫొటోలు తీసి బిల్లుతో పాటు దాచుకోండి.