ఎలివేటర్ మోటారుకు ఆరేళ్లుగా వాడుతున్న డ్రైవ్

మిర్యాలగూడ దగ్గర ఉప్పుడు బియ్యం మిల్లులో ఎలక్ట్రికల్ పనులు నేనే చూస్తాను. డ్రయ్యర్ దగ్గర ధాన్యాన్ని బకెట్లతో పైకెత్తే ఎలివేటర్‌కున్న 10 హెచ్‌పీ మోటారుకు, కరెంటు ఫ్రీక్వెన్సీని (హెర్ట్జ్) మార్చి దాని వేగాన్ని తగ్గించే, పెంచే డ్రైవ్ బిగించి ఆరేళ్లయింది. డ్రైవ్ మంచిదే. దాన్ని వాడడం నేర్చుకోవడానికే మాకు రెండు వేసవులు పట్టింది.

మొదటి వేసవిలో మోటారు వైండింగ్ కాలింది. ధాన్యం నెమ్మదిగా తిరగాలని 22 హెర్ట్జ్ మీద నడిపేవాళ్లం. కరెంటు కొలిచే టంగ్ టెస్టర్ 13 ఆంపియర్లు చూపేది, మోటారు నేమ్ ప్లేటు మీద పరిమితి 15 అని ఉంది. ఇంకేం భయమనుకున్నాను. మోటారు ఫ్యాను దాని షాఫ్టుకే ఉంటుందన్న సంగతి మరిచాను. వేగం సగం కంటే తగ్గితే గాలీ అంతే తగ్గుతుంది, బకెట్లలో గింజల బరువు మాత్రం తగ్గదు.

రీవైండింగ్‌లో మూడు ఫేజుల చుట్లలోనూ వేడిని పసిగట్టే థర్మిస్టర్లు పెట్టించి డ్రైవ్‌కు కలిపాను. డ్రైవ్ కరెంటును బట్టి వేడిని అంచనా వేస్తుంది, థర్మిస్టరుకు చుట్ట వేడి నేరుగా తగులుతుంది. అసలు మందు మాత్రం పుల్లీ. ఎలివేటర్ వైపు పెద్దది వేసి, మోటారును 40 హెర్ట్జ్‌కు పెంచాం. ఎలివేటర్ వేగం మారలేదు, కరెంటు 9కి దిగింది. రీవైండింగ్ బిల్లు ముందు ఆ పుల్లీ ఖర్చు ఎంత!

రెండో వేసవిలో డ్రైవే వేడెక్కి ట్రిప్ కావడం, అంటే తనంతట తానే ఆగిపోవడం మొదలుపెట్టింది. 40 డిగ్రీల వరకే పూర్తి సామర్థ్యమని మాన్యువల్‌లో ఉంది. మే నెలలో మా దగ్గర బయటే అంతకు మించి కాస్తుంది. కుర్రాళ్లు ప్యానెల్ తలుపు తీసి పెడస్టల్ ఫ్యాను పెట్టారు. పది రోజులు హాయిగా నడిచింది. తరవాత చూస్తే డ్రైవ్ వేడిని బయటికి పంపే హీట్ సింక్ రెక్కల మధ్య ఊక దుమ్ము అట్టకట్టింది. నా తప్పూ ఉంది: మోటారు కూత భరించలేక క్యారియర్ ఫ్రీక్వెన్సీని (డ్రైవ్ లోపలి స్విచ్‌లు సెకనుకు ఎన్నిసార్లు ఆన్, ఆఫ్ అవుతాయన్నది) 8 కిలోహెర్ట్జ్‌కు పెంచాను. కూత తగ్గింది, డ్రైవ్ లోపల వేడి పెరిగింది. ఇప్పుడు 4 మీద ఉంచాను, కొంచెం కూత వినక తప్పదు. ప్యానెల్‌ను దుమ్ము చేరని గదికి మార్చాక ఆ ట్రిప్ మళ్లీ రాలేదు.

నచ్చనివీ ఉన్నాయి. హీట్ సింక్ ఉష్ణోగ్రత మెనూలో ఎక్కడో అడుగున దాగి ఉంటుంది. నాలుగో ఏట కూలింగ్ ఫ్యాను ఆగిపోతే కొత్తది రావడానికి మూడు వారాలు పట్టింది, అదీ సీజన్‌లో. అందుకే ఒకటి ముందే కొని బీరువాలో పెట్టాను.

రెండో ఎలివేటర్‌కూ ఇదే రకం తెప్పిస్తున్నాం. మోటారు 10 హెచ్‌పీదే, డ్రైవ్ మాత్రం వేడికి కొంత వెసులుబాటు ఉండాలని ఈసారి 15 హెచ్‌పీది.