ఒక నల్ల కేప్, ఆరు హాలోవీన్లు

2019 అక్టోబర్ 31న షికాగోలో మూడు అంగుళాలకి పైగా మంచు పడింది. పిల్లలు వేషాలేసుకుని ఇంటింటికీ చాక్లెట్లకి తిరిగే హాలోవీన్ రోజున అంత మంచు అంతకుముందెప్పుడూ పడలేదట. మా బాబుకి అప్పుడు ఐదేళ్లు. పలచటి పాలిస్టర్ సూపర్‌హీరో డ్రెస్ 28 డాలర్లు పెట్టి కొన్నాం. దాని మీద స్వెటర్, స్వెటర్ మీద జాకెట్, తలకి టోపీ. తలుపు తీసిన ప్రతి వాళ్లూ "నువ్వెవరు బాబూ?" అని అడగడం, వాడు జాకెట్ జిప్ కిందికి లాగి చూపించడం. నాలుగో ఇంటి దగ్గర జిప్ ఇరుక్కుపోయింది. ఏడుపు. తర్వాత ఆ డ్రెస్ ఒక్కసారి వాషింగ్ మెషిన్లో వేస్తే ఛాతీ మీద బొమ్మ సగం ఊడొచ్చింది.

మాది షికాగో పక్కన అరోరా. బాలాజీ గుడికి దగ్గర్లో రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంట్. అప్పుడు ఇంట్లో ఒక్కరి జీతమే, పాపకి ఏడాది. ఒక్క సాయంత్రానికి 28 డాలర్లా అని ఒళ్లు మండింది. జాకెట్ లోపల వేసుకునేది కాదు, జాకెట్ మీద వేసుకునేదే ఈ ఊళ్లో వేషం అని ఆ రాత్రే అర్థమైంది. అలా పుట్టింది ఈ కేప్, అంటే భుజాల మీంచి కప్పుకునే పైగుడ్డ. 2020 నుంచి 2025 దాకా ఆరు హాలోవీన్లు వాడాక రాస్తున్నాను.

గుడ్డ నల్ల ఫ్లీస్, అంటే దుప్పట్లకి వాడే మెత్తటి నూగు గుడ్డ. జోఆన్ అనే గుడ్డల షాపులో ఆఫర్లో గజం ఐదు డాలర్లకి రెండు గజాలు తీసుకున్నాను. (ఆ షాపులన్నీ 2025లో మూతపడ్డాయి. ఇప్పుడైతే గుడ్‌విల్ లాంటి సెకండ్‌హ్యాండ్ షాపుల్లో నల్ల ఫ్లీస్ దుప్పటి వెతుక్కోండి, ఇంకా చవక.) ఫ్లీసే ఎందుకంటే, కత్తిరించాక అంచుల్లో దారాలు ఊడవు, మడిచి కుట్టక్కర్లేదు. గుడ్డ నేల మీద పరిచి, పొడుగు అంచు మధ్యలో దారం ఒక కొన నొక్కిపట్టి, రెండో కొనకి చాక్‌పీసు కట్టి అర్ధచంద్రంలా గీశాను. అదే మధ్యలో మెడకి ఇంకో చిన్న అర్ధచంద్రం. మిగిలిన ముక్కతో తల మీదికి ముసుగు. కుట్టు మిషన్ లేదు, ముసుగు చేత్తోనే కుట్టాను. మొత్తం ఒక మధ్యాహ్నం పని, అదీ పాప నిద్రపోయిన టైములో.

మెడ దగ్గర రిబ్బన్ ముడి పెట్టొద్దు, దయచేసి. నేను వెల్‌క్రో (అంటించి, లాగితే ఊడొచ్చే పట్టీ) పెట్టాను. 2021లో బాబు ఎవరింటి మెట్లో దిగుతుంటే కేప్ కొన రెయిలింగ్‌కి తగులుకుంది. వెల్‌క్రో చర్రుమని ఊడింది, కేప్ అక్కడే వేలాడింది, వాడు మాత్రం చాక్లెట్ల బకెట్‌తో సహా కిందికి వచ్చేశాడు. రిబ్బన్ అయ్యుంటే ఏమయ్యేదో తలుచుకోను.

ఇక వేషాలు. 2020లో డ్రాక్యులా. అది కోవిడ్ ఏడాది. ఒకాయన వరండా రెయిలింగ్‌కి పొడుగాటి పైపు కట్టి చాక్లెట్లు పైనుంచి జార్చాడు, వాడికి అది చాక్లెట్ల కంటే నచ్చింది. 2021లో గబ్బిలం, ముసుగుకి రెండు చెవులు కుడితే సరిపోయింది. 2022లో మాంత్రికుడు. 2023లో పెంగ్విన్, ఆ ఏడు మళ్లీ మంచు పడింది, పెంగ్విన్‌కి అంతకంటే ఏం కావాలి! ఆరేళ్ల వయసులో చీలమండల దాకా ఉన్న కేప్ తొమ్మిదేళ్లకి పిక్కల దాకే వచ్చింది. దాంతో 2024లో పాపకి ఇచ్చేశాం. దానికి అప్పుడు ఆరేళ్లు కాబట్టి మళ్లీ మొదటి పొడవుకే వచ్చింది. అప్పటిదాకా పాప వేషాలన్నీ ఇరుగుపొరుగు ఊరికే ఇచ్చిపుచ్చుకునే బై నథింగ్ గ్రూపులో దొరికినవే, పైసా ఖర్చు లేదు.

ఖర్చు లెక్క: గుడ్డ పది డాలర్లు, వెల్‌క్రో, మెరిసే టేపు కలిపి ఇంకో నాలుగు. ఆరేళ్లకి పంచితే ఏడాదికి రెండున్నర డాలర్లు కూడా పడలేదు.

లోపాలు లేవా అంటే, ఉన్నాయి. ఫ్లీస్‌కి తుక్కంతా అంటుకుంటుంది. అక్టోబర్ చివర మా వీధుల్లో ఎండిన మేపుల్ ఆకులు మోకాలి ఎత్తున పోగులు పడుంటాయి, పిల్లలు వాటిల్లోంచే నడుస్తారు. ఇంటికొచ్చేసరికి కేప్ అంచు ఆకుల పొడితో చీపురు కట్టలా ఉంటుంది. ఉతికితే పోదు. వెడల్పాటి ప్యాకింగ్ టేపు చేతికి తిరగేసి చుట్టుకుని అద్దుతూ కూర్చోవాలి. రెండోది, నలుపు. చీకటి పడితే రోడ్డు మీద పిల్లాడు కనిపించడు. మొదటి ఏడాది నాకిది తట్టలేదు, మావారు కారు పార్క్ చేసి వస్తూ "వీడు పక్కకొచ్చేదాకా కనపడలేదు" అన్నారు. మర్నాడే వెనకాల అడ్డంగా రెండు వరసలు మెరిసే టేపు కుట్టాను. అతికిస్తే ఫ్లీస్ మీద నిలవదు, కుట్టాల్సిందే. మూడోది నా తప్పే. పెంగ్విన్ పొట్టకి తెల్ల గుడ్డ గ్లూ గన్‌తో అంటించాను. తర్వాత పీకితే అరచెయ్యంత మేర గట్టిపడి అప్పడంలా తయారైంది, ఇప్పటికీ అలాగే ఉంది. ఏం తగిలించినా పొడుగాటి టాకాలు వేయండి, పని అయ్యాక కత్తెరతో తీసేయొచ్చు.

నాలుగోది అన్నిటికంటే ముఖ్యం: ఫ్లీస్ అంటే ప్లాస్టిక్కే, మంట తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. మామూలుగా ఇక్కడ గుమ్మడికాయల్లో బ్యాటరీ దీపాలే పెడతాం కాబట్టి భయం లేదు. కానీ 2024లో దీపావళి, హాలోవీన్ ఒకే రోజు వచ్చాయి. పాప వేషం ఆ ఏడు 'రాత్రి ఆకాశం', కేప్ నిండా వెండి కాగితం చుక్కలు. ఉదయం వీడియో కాల్‌లో అమ్మకి చూపిస్తే, "పండగ పూట ఆడపిల్లకి నల్లబట్టలేంటే?" అని మొహం మాడ్చుకుంది. చుక్కలున్నాయి కదమ్మా అంటే, "చుక్కలుంటే నలుపు తెలుపవుతుందా?" అంది. చివరికి బేరం ఇలా కుదిరింది: సాయంత్రం చాక్లెట్ల తిరుగుడు ముందు, ఇంటికొచ్చి కేప్ విప్పి, కాళ్లు కడుక్కుని, పట్టులంగా కట్టుకుని అప్పుడు ప్రమిదలు. ఎనిమిది దాటాక లక్ష్మీపూజ. బాల్కనీకి కట్టిన ఒకే లైట్ల తీగ రెండు పండగలకీ పనికొచ్చింది, అదీ ఆదానే.

అమ్మకి అసలు హాలోవీన్ కొత్తేం కాదట. వాళ్ల చిన్నప్పుడు దసరాకి పంతులుగారి వెంట పిల్లలంతా విల్లంబులు పట్టుకుని ఇంటింటికీ తిరిగితే పప్పుబెల్లాలు పెట్టేవాళ్లు, ఇదీ అదే కదా అంటుంది. గుమ్మం ముందు కళ్లూ పళ్లూ చెక్కిన గుమ్మడికాయ చూసి మాత్రం "దిష్టికైతే బూడిద గుమ్మడికాయ కదే కట్టేది" అని నవ్వింది.

గుమ్మడికాయ అంటే గుర్తొచ్చింది. ఆ పాలిస్టర్ డ్రెస్ తర్వాత నా డబ్బు ఎక్కువ తగలేసింది అదే. ఎనిమిది డాలర్లు పెట్టి పెద్దది కొని, ముచ్చటపడి పది రోజుల ముందే చెక్కాను. నాలుగో రోజుకి లోపల బూజు, ఆరో రోజుకి ఉడత వచ్చి ముక్కు తినేసింది. హాలోవీన్ నాటికి తొంభయ్యేళ్ల ముసలమ్మలా బుగ్గలు లోపలికి పోయాయి. చెక్కితే రెండ్రోజుల ముందు చెక్కండి, లేదా చెక్కకుండా రంగులు వేయండి, వారాల తరబడి ఉంటుంది. చెక్కేటప్పుడు తీసిన గింజలు కడిగి ఆరబెట్టి ఉప్పూ కారం నూనె పట్టించి ఓవెన్లో వేయిస్తే పిల్లలు గుప్పిళ్లతో తింటారు. గుజ్జు మాత్రం పులుసుకి పనికిరాదు. నీళ్లు నీళ్లుగా, పీచుపీచుగా, తీపి లేకుండా ఉంటుంది. పులుసుకి కావాలంటే చిన్నసైజు 'పై పంప్కిన్' ('పై' అనే తీపి వంటకానికి వాడే కాయ) అడగండి, మన కాయకి కాస్త దగ్గరగా ఉండేది అదే.

చాక్లెట్ల సంగతి క్లుప్తంగా. 2024లో కోకో ధర టన్నుకి పది వేల డాలర్లు దాటింది, ఆ సెగ మా బుట్టకీ తగిలింది. మా అపార్ట్‌మెంట్‌కి వచ్చే పిల్లలు ఇరవై మందికి మించరు, అయినా పెద్ద ప్యాకెట్ కొని మిగిలింది మేమే తినేవాళ్లం. పాప స్నేహితురాలికి వేరుశనగ పడదు. అలాంటి పిల్లల కోసం గుమ్మం ముందు నీలిపచ్చ రంగు గుమ్మడికాయ పెట్టి, తినేవి కాకుండా చిన్న బొమ్మలో స్టిక్కర్లో ఇచ్చే పద్ధతి 2014 నుంచి దేశమంతా నడుస్తోంది. మేమూ ఓ కాయకి ఆ రంగు వేసి పెట్టాం. చీకట్లో వెలిగే గాజులు కట్టగా కొంటే చాక్లెట్ల కంటే తక్కువ పడ్డాయి. పైగా వచ్చిన పిల్లలు వాటిని అక్కడే చేతికి తొడుక్కుని పరిగెత్తారు, దూరం నుంచి కూడా కనిపించారు. డాలర్ ట్రీ షాపులో ఒకప్పుడు ఇలాంటివన్నీ డాలరే, 2021 చివర్లో ఒకటింపావు చేశారు.

బాబుకి ఇప్పుడు పదకొండు. కేప్ వంక చూడడు. 2025లో అట్టపెట్టెతో వెండింగ్ మెషిన్ వేషం కావాలన్నాడు. అట్ట ఊరికే వచ్చింది కానీ నాకు రెండు వారాంతాలు పోయాయి. చేతిపని చవక అనేవాళ్లు గంటల లెక్క ఎందుకు వేయరో నాకు అర్థం కాదు. మూడు ఇళ్లు తిరిగాక "కూర్చోలేకపోతున్నానమ్మా" అని పెట్టె విప్పి నా చేతికిచ్చాడు. మిగతా వీధంతా అది నేనే మోశాను. కేప్‌కి నేనిచ్చే మార్కుల్లో సగం ఈ ఒక్క రాత్రి వల్లే వచ్చాయి: అది వేసుకున్నవాళ్లే మోసుకుంటారు.

పాప ఆ ఏడు దానితోనే మంత్రగత్తె అయింది గానీ, బడిలో అందరివీ కొన్న డ్రెస్సులే అని అలిగింది. అలక సబబే. ఏడేళ్ల పిల్లకి బడ్జెట్ గురించి ఎంతని చెప్తాం? నవంబర్ 1న సగం ధరల రోజు షాపుకి తీసుకెళ్లి ఐదు డాలర్ల లోపు ఏదైనా ఎంచుకోమన్నాను. అరగంట తిరిగి నాలుగు డాలర్ల యూనికార్న్ కొమ్ము హెడ్‌బ్యాండ్ తెచ్చుకుంది. ఇంటికి రాగానే అది తలకి పెట్టుకుని, మాసిన బట్టల బుట్టలోంచి కేప్ లాగి భుజాన వేసుకుని అద్దం ముందు నిలబడింది.

"అమ్మా, నల్ల యూనికార్న్‌లు ఉంటాయా?"

ఉంటాయన్నాను.