పాత కాంక్రీట్‌కు కొత్తది అతకాలంటే: సిమెంట్ పాలా, లేటెక్సా, ఎపాక్సీనా?

మా వీధిలో రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాన్ని తవ్వరు, దాని మీదే ఇంకో పొర వేస్తారు. అలా రోడ్డు పెరిగి పెరిగి మా పోర్టికో పల్లమైపోయింది. వాన పడితే వీధి నీళ్లన్నీ స్కూటర్ చక్రాల దగ్గరికి వచ్చేవి. పాత గచ్చు మీదే మూడంగుళాల కాంక్రీట్ వేయించి ఎత్తు పెంచుదామనుకున్నాం. మేస్త్రీ చీపురుతో ఊడ్పించి, బకెట్‌తో సిమెంట్ పాలు చల్లించి, "ఏం కాదు సార్, సిమెంట్‌ని సిమెంటే పట్టుకుంటుంది" అన్నాడు. ఏడాది తిరక్కముందే గేటు వైపు అంచు లేచింది. బండి ఎక్కిస్తే కింద డొల్ల చప్పుడు. పగలగొడితే పలకలు పలకలుగా ఊడొచ్చింది. కింద పాత గచ్చు మాత్రం నున్నగా, ఒక్క గీత పడకుండా ఉంది.

రెండోసారి వేయించేముందు షాపుకెళ్తే రెండు సరుకులు చూపించారు. ఒకటి పాలలా తెల్లగా ఉండే లేటెక్స్, రెండోది జత డబ్బాల్లో వచ్చే ఎపాక్సీ. ఏది కొనాలి? అసలు కొనాలా?

ముందు అతుకు ఎందుకు వీడుతుందో చూడాలి. కొత్త కాంక్రీట్ ఆరేకొద్దీ కుంచించుకుంటుంది. పాతది కుంచించుకోవడం ఎప్పుడో అయిపోయింది. ఒకటి లాగుతుంటే రెండోది కదలదు, ఆ గుంజులాటంతా మధ్య అతుకు మీద పడుతుంది. పైగా ఎండ తగిలే పైభాగం ముందు ఆరుతుంది కాబట్టి అంచులు పైకి వంకర తిరుగుతాయి. మాకు గేటు దగ్గర అంచే ముందు లేచింది అందుకే.

సిమెంట్ పాలు చెడ్డ పద్ధతేం కాదు, చవకైనది కూడా. చిక్కగా కలిపి, బ్రష్‌తో గట్టిగా రుద్ది, తడి ఆరకముందే కాంక్రీట్ పోస్తే బాగానే పట్టుకుంటుంది. కానీ మన ఏప్రిల్ ఎండలో అది నిమిషాల్లో తెల్లబడిపోతుంది. ఆ ఎండిన పొర కొత్త పాతల మధ్య పొడి చల్లినట్టే, అతకాల్సిన చోట విడదీస్తుంది. మావాళ్లు పోర్టికో మొత్తం ఒకేసారి చల్లేసి, టీ తాగి, ఆ తర్వాత మాలు కలపడం మొదలుపెట్టారు. ఇక అతికేదేముంది!

లేటెక్స్ అని షాపుల్లో అమ్మేది ఎక్కువగా ఎస్‌బీఆర్. స్టైరీన్ బ్యూటడైన్ అనే రబ్బరు సన్నటి రేణువులుగా నీళ్లలో తేలుతుంటుంది. దీన్ని నీళ్లతో, సిమెంట్‌తో కలిపి పూతగా వేస్తారు. పాళ్లు కంపెనీని బట్టి మారతాయి కాబట్టి డబ్బా మీద రాసినట్టే కలపాలి, మేస్త్రీ చేతి లెక్క ఇక్కడ పనికిరాదు. వట్టి సిమెంట్ పాల కన్నా దీని పట్టు ఎక్కువ, నీళ్లు దిగడం తక్కువ, కాస్త సాగే గుణమూ ఉంటుంది. బాత్రూమ్ గచ్చు, మేడ మీద వాలు, పోర్టికో లాంటి తడి తగిలే పనులకు నా ఓటు దీనికే. అయితే దీనికీ గడియారం ఉంది. పూత వేలికి జిగటగా అంటుతున్నప్పుడే కాంక్రీట్ పడాలి. ఎండితే పైన పొర కట్టేస్తుంది, దాని మీద పోయడం పాలిథిన్ కవర్ మీద పోసినట్టే. అలా ఎండితే గీకి మళ్లీ వేయాలి. "డబ్బు పెట్టి కొన్నాం, ఎండినా పర్లేదులే" అనుకునేవాళ్లే ఎక్కువ మోసపోతారు.

తెల్లగా ఉన్నదల్లా ఎస్‌బీఆర్ కాదు. చెక్కపనికి వాడే తెల్ల జిగురు కూడా అలాగే ఉంటుంది, దాన్ని సిమెంట్‌లో కలిపే అలవాటు కొందరికి ఉంది. అది పీవీఏ. ఆరాక కూడా నీళ్లు తగిలితే మళ్లీ మెత్తబడుతుంది. అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం సీ1059 అతుకు లేటెక్స్‌లను రెండు రకాలుగా విడదీసింది ఇందుకే: అలా మళ్లీ మెత్తబడే రకాన్ని ఇంటి లోపల, నీళ్లూ చెమ్మా తగలని చోట మాత్రమే వాడమంటుంది. అక్రిలిక్ రకాలు ఎండకు రంగు మారవు, బయట పల్చటి పూతలకు అవి మంచివి.

ఎపాక్సీ కథ వేరు. జత డబ్బాల్లో ఒకటి రెజిన్ (జిగురు), రెండోది హార్డెనర్ (దాన్ని గట్టిపరిచేది). రెండూ కలపగానే లోపల రసాయన చర్య మొదలవుతుంది, వేడి పుడుతుంది, వేసవిలో డబ్బాలోనే గట్టిపడే ప్రమాదం ఉంటుంది. కొంచెం కొంచెంగా కలుపుకోవాలి. ఖరీదు లేటెక్స్‌కు కొన్ని రెట్లు. కానీ పిల్లర్ చుట్టూ కొత్త కాంక్రీట్ తొడుగు వేసేటప్పుడు పూత రాశాక సెంట్రింగ్ బిగించాలి, దానికి గంటలు పడుతుంది. సిమెంట్ పాలో లేటెక్సో ఈలోపు ఎండిపోతుంది. ఎక్కువసేపు జిగట నిలిచే ఎపాక్సీ అక్కడే దాని ధర రాబట్టుకుంటుంది. నేల మీద వేసిన గచ్చుకు మాత్రం నాకు ఇష్టం లేదు, కింది నుంచి వచ్చే చెమ్మను అది అడ్డుకుంటుంది, ఆ చెమ్మ అతుకు కిందే చేరుతుంది. ఇంకోమాట, ఎంత మంచి ఎపాక్సీ అయినా ఇనుముకు బదులు కాదు. బరువు మోసే పిల్లర్‌కు రంధ్రాలు వేసి ఊచలు దిగ్గొట్టాలా వద్దా అనేది ఇంజనీర్ చెప్పాలి, షాపువాడు కాదు.

నాలుగో దారి కూడా ఉంది: ఏ డబ్బా కొనకపోవడం. కాంక్రీట్ పనులకు మన దేశ ప్రమాణం ఐఎస్ 456 (2000 నాటిది) అతుకుల దగ్గర అడిగేది ఇంతే: పైన పేరుకున్న బలహీనమైన పొర తీసేసి గరుకు చేయాలి, ఉపరితలం శుభ్రంగా, లోపల తడిసి పైన నీళ్లు నిలవకుండా ఉండాలి, కొత్త కాంక్రీట్‌ను అతుకు దగ్గర బాగా వైబ్రేట్ చేయాలి. అమెరికా కోడ్ ఏసీఐ 318 లెక్కలో గరుకు చేయని అతుకుకు రాపిడి విలువ (ఎక్కువైతే జారకుండా పట్టుకోవడం ఎక్కువ) 0.6, దాదాపు 6 మిల్లీమీటర్ల ఎగుడుదిగుళ్లు వచ్చేలా కొట్టినదానికి 1.0. ఆ తేడా ఉలీ సుత్తీ తెచ్చిపెట్టింది.

అందుకే రెండోసారి నా డబ్బులో ఎక్కువ భాగం చిప్పింగ్ (గచ్చును ఉలితో కొట్టి గరుకు చేయడం) కూలీకే పోయింది. స్కూటర్ ఆయిల్ మరకలున్న చోట ఇంకా లోతుగా కొట్టించాను. నీటి బొట్టు వేస్తే ఇంకకుండా ముత్యంలా నిలిచిన చోటల్లా నూనె ఉన్నట్టే. యాసిడ్ పోసి కడుగుదామన్నారు, వద్దన్నాను, ఊచలకు అది చేటు. ముందురోజు రాత్రంతా నీళ్లు నిలిపి, పొద్దున్నే తోడేసి, గుడ్డతో అద్దాం. తర్వాత లేటెక్స్ పూత, కానీ మూడడుగుల పట్టీ చొప్పున. ఒకరు పూస్తుంటే వెనకే ఇంకొకరు మాలు వేశారు. ఎండ ముదిరేలోపు, పదింటికల్లా పని ముగిసింది. కాంక్రీట్ గట్టిపడగానే తడి గోనెపట్టాలు కప్పి వారం రోజులు ఆరనివ్వలేదు.

రెండు వానాకాలాలు దాటాయి. అప్పుడప్పుడు గేటు దగ్గర అంచును సుత్తితో తట్టి చూస్తుంటాను. చప్పుడు గట్టిగానే వస్తోంది. రోడ్డు మాత్రం మళ్లీ పెరిగింది.